పట్టపగలు లైటు ఎందుకు? ఇంట్లో పగటి వెలుతురును పూర్తిగా వాడుకోవడం ఎలా

మీ ఇంట్లో పొద్దున తొమ్మిదింటికి ఎన్ని లైట్లు వెలుగుతున్నాయో ఒకసారి లెక్కపెట్టండి. చీకటితో లేచినవారు వంటగదిలో ఒకటి వేసి ఉంటారు, స్నానాల గదిలో ఒకటి, నడవలో ఒకటి. సూర్యుడు నడినెత్తికి వచ్చినా అవి ఆరవు. ఆర్పితే గది ఒక్కసారిగా నల్లబడినట్టు అనిపించి, చెయ్యి మళ్లీ స్విచ్చు మీదికే పోతుంది. రెండు నిమిషాలు ఓపిక పడితే కన్ను సర్దుకుంటుంది గానీ, ఆ రెండు నిమిషాలు ఆగేవారు తక్కువ.

కరెంటు బిల్లు తగ్గుతుందని ఆశపెట్టి మిమ్మల్ని ఈ పనిలోకి దింపను. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు రోజుకు పది గంటలు వెలిగినా నెలకు మూడు యూనిట్లు కాలదు. అసలు లాభం ఒంటికి. మన కంటిలో చూపుకు పనికివచ్చే కణాలతో పాటు, ఇది పగలా రాత్రా అన్న కబురు మెదడుకు చేరవేసే కణాలు కూడా ఉన్నాయి. 2002లో శాస్త్రవేత్తలు గుర్తించిన ఈ కణాల్లో మెలనాప్సిన్ అనే పదార్థం ఉంటుంది. 480 నానోమీటర్ల చుట్టుపక్కల ఉండే నీలి వెలుగుకు అది బాగా స్పందిస్తుంది. మన ఒంట్లోని గడియారం తన మానాన తాను నడిస్తే ఒక రోజు పూర్తి చేయడానికి 24 గంటల కంటే కాస్త ఎక్కువ సమయం తీసుకుంటుంది. రోజూ పొద్దుటి వెలుతురు కంటికి తగిలి ఆ ఆలస్యాన్ని సరిదిద్దుతుంది. పగలంతా మసక గదిలో కూర్చుని, రాత్రంతా పెద్ద లైట్ల కింద గడిపితే ఆ గడియారానికి ఏది పగలో ఏది రాత్రో తెలియక తికమక పడుతుంది. రాత్రి నిద్ర పట్టదు, పొద్దున మెలకువ రాదు.

‘మా ఇంట్లో వెలుతురుకేం లోటు, బాగానే ఉందే’ అని మీరు అనవచ్చు. ఇక్కడే కన్ను మనల్ని మోసం చేస్తుంది. ఒక చోట ఎంత వెలుగు పడుతోందో లక్స్ అనే కొలతతో చెబుతారు. నిండు ఎండలో సుమారు 1,00,000 లక్స్ వెలుగు ఉంటుంది. మబ్బు పట్టిన పగలు ఆరుబయట 10,000 దాకా ఉంటుంది. ట్యూబులైటు వెలుగుతున్న గదిలో సాధారణంగా 150 నుంచి 300 మాత్రమే. అంటే మబ్బు రోజున ముసురుగా ఉందని మనం విసుక్కునే ఆ వెలుతురు కూడా, బాగా వెలుగుందని మురిసిపోయే గదికి ముప్పై రెట్లు. కంటిపాప వెడల్పును, లోపలి పొర చురుకుదనాన్ని మార్చుకుంటూ కన్ను ఈ తేడాను మన దాకా రానివ్వదు. అందుకే ఈ పని కొలతతో మొదలుపెట్టాలి.

మొదటి పని: ఒక రోజంతా లైట్లు ఆర్పి చూడండి

ఇంట్లో అందరూ ఉండే ఒక సెలవు రోజు ఎంచుకోండి. తెల్లవారిన దగ్గర నుంచి పొద్దుగూకేదాకా ఏ లైటూ వేయకూడదు. కిటికీలు లేని స్నానాల గదికి మాత్రం మినహాయింపు ఇవ్వండి, పట్టుదలకు పోయి కాలు జారి పడవద్దు. తెల్లకాగితం మీద ఇంటి నమూనా చేతితోనే గీయండి. అందంగా ఉండనక్కరలేదు. గదులు, కిటికీలు, తలుపులు, మీరు రోజూ కూర్చునే చోట్లు ఉంటే చాలు.

ఎనిమిదింటికి, పదింటికి, పన్నెండింటికి, రెండింటికి, నాలుగింటికి ఇల్లంతా ఒకసారి తిరగండి. ఎండ నేరుగా పడుతున్న చోట గీతలు గీయండి. నేరుగా ఎండ లేకపోయినా సన్నటి అక్షరాలు హాయిగా చదవగలిగే చోట చుక్క పెట్టండి. లైటు వేయాలని చెయ్యి లాగిన చోట అడ్డగుర్తు పెట్టండి. ఫోనులో లక్స్ కొలిచే యాప్ వేసుకుంటే అంకెలు కూడా రాసుకోవచ్చు. ఫోను చెప్పే అంకె కచ్చితమైనది కాదు. కానీ ఒకే ఫోనుతో ఒకే ఇంట్లో ఒక చోటికీ మరో చోటికీ ఉన్న తేడా తెలుసుకోవడానికి అది బాగా సరిపోతుంది. కొలిచేటప్పుడు ఫోనును నేల మీద పెట్టవద్దు. మీరు కూర్చునే చోట, కంటి ఎత్తులో, మీ చూపు ఎటు ఉంటుందో అటు తిప్పి పట్టుకోండి. మీ కంటికి ఎంత చేరుతోందన్నదే మనకు కావాలి.

నేను మొదటిసారి ఇలా కొలిచినప్పుడు నా రాతబల్ల దగ్గర 60 కూడా రాలేదు. అక్కడికి రెండు గజాల దూరంలో, కిటికీ పక్కన, 900 వచ్చింది. ఆ కిటికీ పక్కన హాయిగా ఎండ కాచుకుంటున్నది పుస్తకాల బీరువా.

రెండో పని: ఆకాశం ఎక్కడి నుంచి కనబడుతోందో చూడండి

ఇంటి నిర్మాణం తెలిసినవారు వాడే ఒక చిన్న చిట్కా ఉంది. మీరు కూర్చునే చోట కూర్చుని కిటికీ వైపు చూడండి. పిసరంత ఆకాశమైనా కనబడుతోందా? కనబడితే ఆ చోటికి వెలుతురు నేరుగా వస్తోందన్నమాట. ఎదురింటి గోడే కనబడుతుంటే మీకు వచ్చేది ఆ గోడ మీద పడి తిరిగి వచ్చిన ఎంగిలి వెలుతురు. గదిలో వెనక్కి వెనక్కి జరుగుతూ ఆకాశం ఎక్కడ మాయమవుతుందో చూసి, కాగితం మీద అక్కడ ఒక గీత గీయండి. ఆ గీతకు అవతల గది ఎంత పెద్దదైనా పగటి పనికి అంతగా పనికిరాదు. బట్టల బీరువా, పరుపులు, ఎప్పుడో తీసే పెట్టెలు ఉండవలసింది అక్కడే.

దీనికి తోడుగా ఒక లెక్క కూడా గుర్తుపెట్టుకోండి. నేల నుంచి కిటికీ పైఅంచు ఎంత ఎత్తులో ఉందో, దానికి రెట్టింపు దూరం వరకే, మహా అయితే రెండున్నర రెట్ల వరకే గదిలో పనికివచ్చే వెలుతురు చేరుతుంది. పైఅంచు ఏడడుగుల ఎత్తులో ఉంటే పద్నాలుగు, పదిహేడు అడుగుల దాకా అన్నమాట. కిటికీ వెడల్పు కన్నా ఎత్తే ముఖ్యమని ఈ లెక్క చెబుతోంది. అలాంటి కిటికీ పైభాగాన్నే మనం పరదా మడతలతో, అలంకారపు గుడ్డలతో కప్పేస్తుంటాం.

మూడో పని: వెలుతురు దారికి అడ్డం తీయండి

గోడ పగలగొట్టాలని, కొత్త కిటికీ పెట్టించాలని ఆలోచించే ముందు, ఉన్న కిటికీ గుండా రావలసినదంతా వస్తోందో లేదో చూడాలి. చాలా ఇళ్లలో రాదు. బయట నుంచి లోపలికి వరసగా వెళ్దాం.

ముందు బయట. కిటికీకి అడ్డంగా పెరిగిన కొమ్మ, ఎప్పుడో ఆరవేసి మరిచిపోయిన దుప్పటి, రంగు వెలిసిన పాత రేకు చూరు. కొమ్మను మొత్తం నరకవలసిన పని లేదు. కిటికీ పైభాగానికి ఎదురుగా ఉన్న రెమ్మలు మాత్రం తీస్తే ఆకాశం తెరుచుకుంటుంది, నీడా మిగులుతుంది.

తరువాత దోమల జాలీ. నిజమైన దొంగ ఇదే. జాలీ సన్నగా ఉన్నకొద్దీ వెలుతురును ఎక్కువగా తింటుంది, దాని కళ్లలో దుమ్ము చేరితే మరీ తింటుంది. మీ జాలీ ఎంత ఆపుతోందో మీరే తేల్చుకోవచ్చు. రెక్క మూసి ఒకసారి, తెరిచి ఒకసారి, ఒకే చోట ఫోను పెట్టి కొలవండి. నిమిషం తేడాలో కొలవాలి, లేకపోతే మబ్బు కదిలి లెక్క తప్పుతుంది. దోమలు ఉన్నచోట జాలీ తీసేయమని నేను చెప్పను. జాలీ రెక్కను పగలు తెరిచి సాయంత్రం మూసేలా అమర్చుకోండి. అది కుదరకపోతే విప్పి, సబ్బునీళ్లలో మెత్తటి బ్రష్షుతో కడిగి, ఎండబెట్టి బిగించండి. కడిగాక మళ్లీ కొలిస్తే ఇన్నాళ్లూ ఎంత పోగొట్టుకున్నారో తెలుస్తుంది.

ఇక అద్దం. శుభ్రమైన సాదా అద్దం కూడా తన మీద పడిన వెలుతురులో పదో వంతు ఆపేస్తుంది. రెండు పొరల అద్దమైతే ఐదో వంతు దాకా పోతుంది. దాని మీద వానచుక్కల మరకలు, వంటగదిలో అయితే నూనె జిడ్డు చేరితే ఇంకా తగ్గుతుంది. రెండు వైపులా తుడవాలి. బయటి వైపు చెయ్యి అందదని చాలామంది లోపలే తుడిచి ఊరుకుంటారు, మురికి ఉండేది మాత్రం బయటే. పై అంతస్తుల్లో ఉంటే కిటికీ నుంచి వంగి తుడిచే సాహసం చేయవద్దు, పొడవాటి కర్రకు కట్టిన తుడుపు వాడండి.

అద్దానికి అంటించే నల్ల ఫిల్ము గురించి నా అనుభవం ఒకటి. ఒక వేసవిలో వేడి భరించలేక అన్ని కిటికీలకూ ముదురు ఫిల్ము అంటించుకున్నాను. వేడి కొంత తగ్గిన మాట నిజం. కానీ ఇల్లు పొద్దస్తమానం సాయంత్రం ఆరింటిలా ఉండేది. కుండీల్లో మొక్కలు తీగలు సాగి పాలిపోయాయి, మధ్యాహ్నం భోజనం కూడా లైటు కింద చేశాం. చివరికి రెండు సెలవు రోజులు కూర్చుని, బ్లేడుతో గీకి, వేడినీళ్లతో జిగురు వదిలించాను. వేడిని ఆపవలసింది అద్దం మీద కాదని అప్పుడు తెలిసింది. ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

చివరగా పరదాలు. పరదా కడ్డీ కిటికీ వెడల్పంతే ఉంటే, పరదా తెరిచినా దాని మడతలు కిటికీ మీదే ఉండిపోతాయి. రెండు పక్కలా జానెడు చొప్పున కడ్డీ పొడిగిస్తే మడతలన్నీ గోడ మీదికి పోతాయి. కడ్డీని కిటికీ పైఅంచుకు బాగా పైన బిగించండి. ఎదురింటివారు చూస్తారన్న ఇబ్బంది ఉంటే కిటికీ కింది సగానికి మాత్రం పలచని తెల్లగుడ్డ వేయండి. మనుషుల చూపు వచ్చేది కింది నుంచి, ఆకాశపు వెలుగు వచ్చేది పై నుంచి. మొత్తం మూసేయవలసిన అవసరం దాదాపు ఎప్పుడూ ఉండదు. కిటికీ గట్టు మీద పేర్చిన సీసాలు, బొమ్మలు, పాత పత్రికలు కూడా ఈ పూటే తీసేయండి.

నాలుగో పని: కిటికీని కదల్చలేం, కుర్చీని కదల్చగలం

నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ ఫలితం ఇచ్చే పని ఇదే. పైసా ఖర్చు లేదు. అయినా అందరూ దీన్నే చివరికి వదిలేస్తారు. బల్లలు, మంచాలు ఇల్లు చేరిన రోజున ఎక్కడ పెట్టామో ఏళ్ల తరబడి అక్కడే ఉంటాయి. వెలుతురును మన దగ్గరికి తెచ్చుకోవాలని అద్దాలు, రంగులు వెతుకుతాం గానీ, మనమే నాలుగడుగులు దాని దగ్గరికి నడవవచ్చని తోచదు.

మీరు గీసిన కాగితం తీయండి. పొద్దున ఎనిమిదింటి వెలుతురు ఎక్కడ ఉందో చూసి, లేచిన గంటలోపు మీరు చేసే పని ఏదైనా అక్కడికి మార్చండి. కాఫీ తాగడమో, పత్రిక చదవడమో, కూరగాయలు తరగడమో, ఏదైనా సరే. ముఖం వెలుతురు వైపు ఉండాలి, సూర్యుణ్ణి మాత్రం నేరుగా చూడకూడదు. అరగంట గడిపితే మంచిది. 2022లో ఈ రంగపు నిపుణులు కొందరు కలిసి చేసిన సూచన ప్రకారం పగలంతా కంటి దగ్గర కనీసం 250 లక్స్ ఉండాలి. ఇది నీలి వెలుగు వాటాను బట్టి కట్టిన ప్రత్యేకమైన లెక్క అయినా, పగటి వెలుతురు విషయంలో మామూలు లక్స్‌కు ఇంచుమించు సమానమే. ఇంటి మధ్య గదిలో ఇది రావడం కష్టం. కిటికీకి ఒకటి రెండు గజాల దూరంలో సునాయాసంగా వస్తుంది.

ఇంట్లో పెద్దవారు ఉంటే మంచి చోటు వారికే ఇవ్వండి. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు. వయసు పెరిగేకొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, కంటి కటకం పసుపుబారుతుంది. అరవై ఏళ్ల కంటి లోపలికి చేరే వెలుగు, ఇరవై ఏళ్ల కంటిలోకి చేరేదానిలో సుమారు మూడో వంతే. మీకు చాలినంత ఉన్న గది వారికి మసకే. పగలంతా గది మూలన మంచం మీద కునికిపాట్లు పడుతూ రాత్రి నిద్ర లేదని బాధపడే పెద్దవారిని కిటికీ పక్కకు మార్చి రెండు వారాలు చూడండి.

పిల్లల చదువుబల్ల కూడా కిటికీ పక్కనే ఉండాలి. వెలుతురు వారు రాసే చేతికి ఎదురువైపు నుంచి రావాలి, లేకపోతే చేతి నీడ అక్షరం మీద పడుతుంది. కుడిచేత్తో రాసేవారికి ఎడమ పక్క, ఎడమచేత్తో రాసేవారికి కుడి పక్క. అయితే కిటికీ పక్కన కూర్చోబెట్టాం కదా, ఇక చాలనుకోవద్దు. చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో ఒకటో తరగతి పిల్లలకు బడిలో రోజూ 40 నిమిషాలు అదనంగా ఆరుబయట గడిపే ఏర్పాటు చేసి మూడేళ్లు గమనించారు. 2015లో ప్రచురించిన ఆ ఫలితాల్లో, అదనపు సమయం లేని పిల్లల్లో 39.5 శాతం మందికి హ్రస్వదృష్టి (దూరపు వస్తువులు మసకగా కనబడే లోపం) వస్తే, ఆరుబయట గడిపిన పిల్లల్లో అది 30.4 శాతం. ఇల్లు ఎంత వెలుతురుగా ఉన్నా ఆరుబయటకు సాటి రాదు.

ఐదో పని: గోడల చేత పని చేయించండి

కిటికీ నుంచి వచ్చిన వెలుతురు గోడకు తగిలి, అక్కడి నుంచి పైకప్పుకు, అక్కడి నుంచి ఎదురు గోడకు తగిలి మీ దగ్గరికి వస్తుంది. తెల్ల రంగు తన మీద పడిన వెలుగులో 80 శాతానికి పైగా తిరిగి ఇస్తుంది. మధ్యరకం బూడిద, ఆకుపచ్చ రంగులు సగం కూడా ఇవ్వవు. ముదురు గోధుమ పదో వంతు ఇస్తే గొప్ప. మూడు గోడలకు తగిలి వచ్చే వెలుగు లెక్క చూడండి. 80 శాతం ఇచ్చే గోడలైతే చివరికి 51 శాతం మిగులుతుంది. 50 శాతం ఇచ్చే గోడలైతే 12.5 శాతమే. రంగు డబ్బాలో కనిపించే కాస్త తేడా గది లోపలి మూలకు చేరేసరికి నాలుగింతలవుతోంది. పెయింటు కంపెనీల రంగుల పట్టికల్లో ఒక్కో రంగు పక్కన ఎల్‌ఆర్‌వీ అనే అంకె తరచుగా ఉంటుంది. ఆ రంగు ఎంత వెలుగును తిరిగి ఇస్తుందో అది చెబుతుంది. రంగు ఎంచుకునేటప్పుడు పేరు కన్నా ఆ అంకె చూడండి.

ఇల్లంతా తెల్లగా వేసి ఆసుపత్రిలా చేయనక్కరలేదు. వరస ఇది: ముందు పైకప్పు, తరువాత కిటికీ చుట్టూ ఉన్న గోడ మందం, తరువాత కిటికీకి పక్కనున్న గోడలు. ఈ మూడూ తెల్లగా ఉంటే మిగిలిన చోట మీ ఇష్టమైన రంగు వేసుకోండి. కిటికీ ఉన్న గోడ ముదురు రంగులో ఉంటే మాత్రం కిటికీ మిరుమిట్లు గొలుపుతూ, గోడ నల్లగా కనబడుతూ కంటికి అలసట తెస్తుంది. నిగనిగలాడే రంగు వద్దు, మెరుపు లేని రంగే మంచిది. మెరిసే గోడ వెలుతురును పరచదు, ఒకే చోటికి విసురుతుంది.

నేల గురించి ఒక్క మాట. కిటికీ కింద ముదురు తివాచీ ఉంటే తీసి లోపలి వైపు వేయండి. వెలుతురు మొదట వాలేది అక్కడే.

నిలువుటద్దాల మీద జనానికి ఉన్న నమ్మకం నాకు లేదు. అద్దం వెలుతురును పుట్టించదు, తనకు కనబడినదాన్నే చూపిస్తుంది. అద్దం పెట్టాలనుకున్న చోట తల ఆనించి చూడండి. ఆకాశం కనబడితే పెట్టండి. చీకటి మూల కనబడితే మీకు రెండు చీకటి మూలలు మిగులుతాయి.

ఆరో పని: ఎండను, వెలుతురును వేరు చేయండి

మనకు వెలుతురు కావాలి, వేడి వద్దు. కిటికీ ఏ దిక్కున ఉందన్నదాన్ని బట్టి ఈ బేరం మారుతుంది.

తూర్పు కిటికీ అందరికీ హితం. పొద్దుటి ఎండ ఏటవాలుగా లోపలి దాకా వస్తుంది, అప్పటికి గాలి ఇంకా చల్లగానే ఉంటుంది కాబట్టి వేడి బాధించదు. పడమటి కిటికీకి కూడా ఎండ అదే కోణంలో వస్తుంది, కానీ అప్పటికే గోడలు రోజంతా కాగి ఉంటాయి. సాయంత్రపు సూర్యుడు చూరు కిందుగా తొంగిచూస్తాడు కాబట్టి పై నుంచి వేసిన సన్‌షేడ్ దేనికీ పనికిరాదు. భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్నవారికి దక్షిణపు కిటికీ మంచి చుట్టం. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఎండ లోపలికి వస్తుంది, వేసవిలో ఎత్తుగా ఉంటాడు కాబట్టి చిన్న సన్‌షేడ్ చాలు. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నవారు ఈ మాటను తిరగేసి చదువుకోవాలి. ఇక ఉత్తరపు వెలుతురు రోజంతా ఒకేలా, నీడలు లేకుండా ఉంటుంది, చదువుకు, కుట్టుపనికి, బొమ్మలు వేయడానికి దానికి మించినది లేదు. అయితే కర్కట రేఖకు దిగువన ఉన్న ప్రాంతాల్లో నడివేసవి రోజుల్లో మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం వైపుకు కూడా కాస్త జరుగుతాడు. ఉత్తరపు కిటికీలోకి ఎండ పడుతోందని అప్పుడు కంగారు పడవద్దు.

ఇప్పుడు వేడి సంగతి. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చి నేలకు, పరదాకు తగిలి వేడిగా మారుతుంది. ఆ వేడి కిరణాలు అద్దం గుండా వచ్చినంత తేలికగా బయటికి పోలేవు. అందుకే లోపలి పరదా ఎంత దళసరిగా ఉన్నా, వేడి ఇంట్లోకి వచ్చాక తలుపు మూసినట్టే. ఆపవలసింది అద్దానికి బయట. వెదురు తడక, గుడ్డ పందిరి, తెరిచి మూసుకునే చెక్క రెక్కలు, ఆకులు రాలే తీగ, ఏదైనా సరే, ఎండ అద్దాన్ని తాకకముందే అడ్డుకోవాలి. పడమటి కిటికీకి రెండింటి తరువాత తడక దించి, పొద్దు వాలాక ఎత్తేయండి. పొద్దున మాత్రం అది చుట్టి ఉండాలి. తడక వేసిన చోట రోజంతా అలాగే ఉండిపోవడమే చాలా ఇళ్ల చీకటికి మూలం.

ఏడో పని: కంటికి పొడుచుకోకుండా చూసుకోండి

కంప్యూటర్ తెరకు వెనక కిటికీ ఉంటే కన్ను రెండు వెలుగుల మధ్య నలుగుతుంది. మీ వీపు వెనక కిటికీ ఉంటే తెర మీద ఆకాశం ప్రతిబింబిస్తుంది. తెరను కిటికీకి అడ్డంగా, అంటే వెలుతురు మీ పక్క నుంచి వచ్చేలా తిప్పండి. ఎండ నేరుగా బల్ల మీద పడే గంటలో పలచని తెల్ల పరదా వేస్తే చాలు. అది వెలుతురును ఆపడం కన్నా గదంతా పరచడమే ఎక్కువ చేస్తుంది.

కొన్ని అపోహలు

కిటికీ అద్దం వెనక ఎండలో కూర్చుంటే డి విటమిన్ తయారవుతుందని చాలామంది నమ్మకం. తయారవదు. చర్మంలో డి విటమిన్ పుట్టించే అతినీలలోహిత-బి కిరణాలను మామూలు కిటికీ అద్దం దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. అతినీలలోహిత-ఏ కిరణాలు మాత్రం చాలావరకు దాటి వస్తాయి. సోఫా గుడ్డ వెలిసిపోవడంలో, బొమ్మల రంగు మాసిపోవడంలో, చర్మం ముడతలు పడటంలో వాటికి భాగం ఉంది. కాబట్టి డి విటమిన్ కోసం బయటికి వెళ్లండి, విలువైన చిత్రపటాలను ఎండ పడని గోడకు మార్చండి.

సూర్యకాంతి క్రిములను చంపుతుందన్న మాటలో నిజం ఉంది. అయితే దాన్ని అతిగా నమ్మవద్దు. అమెరికాలోని ఓరెగాన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో ప్రచురించిన ప్రయోగంలో, చిన్న నమూనా గదుల్లో ఇంటి దుమ్ము ఉంచి చూశారు. చీకటిలో ఉంచిన దుమ్ములో బాక్టీరియా 12 శాతం దాకా బతికి ఉంటే, అద్దం గుండా పగటి వెలుతురు తగిలిన దుమ్ములో 6.8 శాతం. తగ్గింది, పోలేదు. చీపురు, తడిగుడ్డల అవసరం అలాగే ఉంది. తేమ, బూజు విషయంలో మాత్రం ఎండ ఉపకారం ఎక్కువ, అది గోడను ఆరబెడుతుంది కాబట్టి. బూజు వాసన వచ్చే బీరువాను గోడకు బెత్తెడు దూరం జరిపి, తలుపులు తెరిచి, ఎండ వచ్చే గంటలో అలా వదిలేయండి.

కొత్తగా కట్టుకుంటున్నవారికి

గోడలు లేవకముందే అయితే మీరు అదృష్టవంతులు, నాలుగు మాటలు చెబితే చాలు. ప్రతి ముఖ్యమైన గదికీ రెండు వైపుల నుంచి వెలుతురు వచ్చేలా అడగండి. ఒకే కిటికీ ఉన్న గదిలో ఒక పక్క మిరుమిట్లు, ఒక పక్క చీకటి తప్పవు. కిటికీ పైఅంచును వీలైనంత పైకి తీసుకువెళ్లండి, కనీసం కిటికీ మీద చిన్న వెంటిలేటర్‌ను అద్దంతో పెట్టించండి. గోడ మందంగా ఉంటే కిటికీ లోపలి అంచులను ఏటవాలుగా చెక్కించి తెల్లగా వేయించండి. పైకప్పులో అద్దం పెట్టించాలనుకుంటే చిన్నది చాలు. అది ఆకాశాన్ని నేరుగా చూస్తుంది కాబట్టి అంతే వెడల్పున్న గోడ కిటికీ కన్నా ఎంతో ఎక్కువ వెలుగును, దాంతో పాటు వేడినీ దింపుతుంది. వేడి ప్రాంతంలో ఉంటే దానికి నీడ ఏర్పాటు చేయించాకే పెట్టించండి. లీకు కాకుండా వేసే పనివారు దొరికారా లేదా అన్నది కూడా చూసుకోండి.

ఎనిమిదో పని: పొద్దుగూకాక చీకటిని రానివ్వండి

పగటి వెలుతురు కోసం ఇంత చేసి, రాత్రి పదింటి దాకా నడినెత్తిన తెల్ల లైట్లు వేసుకుంటే సగం శ్రమ వృథా. నేను పైన చెప్పిన నిపుణుల సూచనలోనే, నిద్రకు మూడు గంటల ముందు నుంచి కంటి దగ్గర 10 లక్స్ మించకూడదని, పడుకున్న చోట 1 లక్స్ కూడా దాటకూడదని ఉంది. ఇవి కూడా నీలి వెలుగును బట్టి కట్టిన అంకెలే. అందుకే పసుపు వెలుగు ఇచ్చే బల్బు తెల్ల బల్బు కన్నా రాత్రికి నయం. భోజనాలయ్యాక పైకప్పు లైట్లు ఆర్పి, కంటికి దిగువన ఉండే చిన్న దీపాలతో గడపండి.

పడకగదికి రెండు రకాల పరదాలు కావాలి: పగటికి పలచనిది, రాత్రికి దళసరిది. వీధి దీపం కిటికీలోంచి పడుతుంటే దళసరి పరదా తప్పదు. కానీ పొద్దున లేవగానే చేసే మొదటి పని, ఫోను తీయకముందే, దాన్ని పక్కకు లాగడం. రాత్రిపూట పని చేసి పగలు నిద్రపోయేవారికి ఈ వరస మొత్తం తిరగబడుతుంది. వారు ఇంటికి వచ్చే దారిలో చలువ కళ్లద్దాలు పెట్టుకుని, పడకగదిని పగలే చీకటి చేసుకోవాలి.

మొదటి రోజు గీసిన ఆ కాగితాన్ని పారేయకుండా బీరువా తలుపుకు లోపలి వైపు అంటించండి. సూర్యుడి దారి ఆరు నెలల్లో బాగా మారుతుంది. వేసవిలో గీసినదైతే చలికాలంలో మరో రోజు లైట్లు ఆర్పి, వేరే రంగు కలంతో అదే కాగితం మీద మళ్లీ గీయండి. పొద్దుటి కాఫీ కుర్చీని ఏ నెలలో ఏ కిటికీ దగ్గరికి జరపాలో దాని మీద కనబడుతుంది.